పన్నెండు పుంజులు

నేను ఎవరినీ ఊరికే నమ్మను. అంగట్లో కిలో చింతపండు కొన్నా ఇంటికొచ్చి మళ్లీ తూకం వేస్తాను. పాలవాడు గుమ్మం దిగకముందే పాలల్లో వేలు ముంచి చూస్తాను. చీర కొంటే షాపులోనే మొత్తం విప్పి వెలుతురుకు పట్టి చూడాల్సిందే. మా ఆయన రాకేష్ ఈ గుణం పట్టుకుని రోజూ నన్ను ఏడిపిస్తాడు. ఏడిపించనీ. ఆ గుణం చూసే కదా జ్యోతిలక్ష్మి మేడం అంకాపూర్ దారిలో ఉన్న తన నాటుకోళ్ల ఫారంలో నాకు పనిచ్చింది. గుడ్లు మిషన్లో పెట్టడం, పిల్లలు లేచాక పెట్టెలకెత్తడం నా పని. "సుస్మిత చూసిందంటే ఇగ నేను చూసే పనిలేదు" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది మేడం. ఆ మాట వింటే నాకు కడుపు నిండేది.

మా మరిది రంజిత్ ఒమన్ నుంచి తిరిగొచ్చింది మొన్నటి పసుపు సీజన్లోనే. జనవరి ఆఖరు నుంచి ఆర్మూర్‌లో ఎటు చూసినా పసుపే. మా వాకిట్లో రాకేష్ పసుపు కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ము పొద్దుగూకేదాకా తిరుగుతూ ఉంటుంది. ఆరేసిన బట్టలు, మూత తీసిన బిందె, పిల్ల జడ, అన్నీ పచ్చబడతాయి. ఆ దుమ్ములోంచి రంజిత్ ఒక్క బ్యాగుతో నడుచుకుంటూ వచ్చాడు. ఆరేళ్లు గల్ఫ్‌లో ఉన్నవాడు ఒక్క బ్యాగుతో రావడమేమిటని నాకు అప్పుడే అనుమానం పుట్టింది.

అసలు సంగతి వేరే ఉంది, అది కూడా చెప్పాలి. రంజిత్ వెళ్లేనాటికి అతని కూతురు పూజిత మూడు నెలల పిల్ల. అదే ఏడు మా యారాలు, అంటే రంజిత్ భార్య, కరుణశ్రీకి టీబీ అని తేలి, మోర్తాడ్‌లో తల్లిగారింటికి పోయి ఎనిమిది నెలలు మంచంలో ఉంది. పిల్లను నా ఒడిలో పెట్టి పోయింది. నాకు పెళ్లై పదకొండేళ్లు, పిల్లల్లేరు. కరుణశ్రీ కోలుకుని వచ్చాక కూడా పూజిత నా పక్కలోనే పడుకునేది, నా చేత్తోనే తినేది. "నీ బిడ్డ పిలుస్తుంది చూడక్కా" అని కరుణశ్రీ నవ్వేది. అది వేళాకోళపు మాటని నాకు తెలుసు. అయినా ఆ మాట ఎప్పుడంటుందా అని చెవులు రిక్కించుకుని ఉండేదాన్ని.

రంజిత్ వచ్చిన రోజు అన్నాల దగ్గర మా అత్త భాగ్యవ్వ అడిగింది. "గక్కడ ఏం పని జేస్తుండెరా? ఫోన్ల ఎప్పుడడిగినా కంపెనీ, కంపెనీ అనుడే."

"కోడిపిల్లలు చూస్తుంటి."

"చూసుడేంది, మేపుడా?"

"కాదవ్వా. పుట్టిన నాడే పుంజేదో పెట్టేదో చెప్పుడు. పిల్లను తిప్పి లైటు కింద పట్టుకొని, బొటనవేలుతోటి వెనక జర విప్పి చూడాలె. పుంజుకైతే గసగస గింజంత బొడిపె ఉంటది."

మా అత్త ముద్ద చేతిలోనే ఆగింది. "పిల్లల ముడ్లు చూసేతందుకు గంత దూరం పోయినవా బిడ్డా?"

రాకేష్‌కు పొలమారింది. రంజిత్ కూడా నవ్వాడు. మొదట అతన్ని ఊడ్చే పనికి పెట్టుకున్నారట. కొరియా నుంచి వచ్చిన ఒక ముసలాయన ఇతని వేళ్లు చూసి పక్కన కూర్చోబెట్టుకుని మూడేళ్లు నేర్పాడట. కిందటి నెల కంపెనీ మూతపడిందట. అంతా 'అట' లెక్కనే ఉంది నాకు.

"గదంత ఎందుకు," అంది మా అత్త. "మొనదేలిన కోసు గుడ్డైతే పుంజు, గుండ్రటి గుడ్డైతే పెట్ట. మా అవ్వ నాటి సంది గదే."

"గుడ్డును చూస్తే తెల్వదవ్వా."

"మరి నువ్వు చెప్పింది నిజమో కాదో ఎట్ల తెలుస్తది?" అన్నాను నేను.

"ఏడెనిమిది వారాలైతే పుంజుకు జుట్టు ఎర్రబడ్తది వదినా. అప్పుడు ఎవలకైన తెలుస్తది."

రెండు నెలల దాకా దొరకని అబద్ధం ఎవరైనా ఆడొచ్చు అనుకున్నాను. పూజిత నా వీపు వెనక నుంచి తొంగి చూసి చెవిలో అడిగింది. "పెద్దమ్మా, గాయన ఎన్ని రోజులుంటడు?"

నాక్కూడా అదే తెలుసుకోవాలని ఉంది.

వారం పోయాక కరుణశ్రీ ఫారం మాట ఎత్తింది. "అక్కా, మీ మేడంకు గిసొంటి మనిషి పనికొస్తడు కదా. నువ్వొక్క మాట చెప్తే అయితది." చెప్తానన్నాను. నాలుగు రోజులు చెప్పలేదు. ఐదో రోజు తనే పొద్దున్నే నా టిఫిన్ డబ్బా కట్టి చేతికిచ్చి, "ఇయ్యాల యాది మర్వకు అక్కా" అంది. ఇక తప్పలేదు.

మేడం ఎగిరి గంతేసినంత పని చేసింది. సిద్దిపేట దగ్గర ఆమె కొత్త హ్యాచరీ కడుతోంది. నాటుకోళ్లలో పెట్టలను పుట్టిన రోజే వేరు చేస్తే గుడ్లకు పెంచుకోవచ్చు, పుంజులను కూరకు పెంచేవాళ్లకు పంపేయొచ్చు. ఆ పని తెలిసినవాడు చుట్టుపక్కల లేడు. "మీ మరిది నిజంగనే పనోడా సుస్మితా?" అని అడిగింది.

"నాకైతే తెల్వదు మేడం. చూసి పెట్టుకోండ్రి," అన్నాను.

అందుకే పరీక్ష పెట్టింది. రంజిత్ రెండు వందల పెట్టలను ఏరి ఇవ్వాలి. వాటిని ఎనిమిది వారాలు వేరే షెడ్డులో పెంచుతారు. "పది దాక పుంజులు ఎల్లినా నేనేం అనుకోను. పది దాటితే మాత్రం ఇగ మాట్లాడొద్దు," అంది. గెలిస్తే సిద్దిపేటలో ఉద్యోగం, ఉండడానికి క్వార్టర్, పక్కనే ఇంగ్లీషు మీడియం బడి.

ఆ సాయంత్రం కరుణశ్రీ బీడీల చాట పక్కన పెట్టి పూజితకు జడ వేసింది. ఎప్పుడూ నేనే వేసేదాన్ని. "సిద్దిపేటల మంచి బడి ఉన్నదట బిడ్డా. మనం ముగ్గురం పోదాం," అంటోంది. ఆ ముగ్గురిలో నేను లేను. ఆ తర్వాత రంజిత్ ఏం చేసినా నాకు అందులో ఏదో మోసమే కనబడింది. పిల్లకు సైకిల్ నేర్పితే మంచి చేసుకుంటున్నాడనుకున్నాను. సిద్దులగుట్ట గుడి మెట్లెక్కించి తీసుకొస్తే దాన్ని నా నుంచి తప్పిస్తున్నాడనుకున్నాను. అతను ఫోన్లో నవ్వితే ఎవరితోనో అని తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఆ కొరియా ముసలాయనతో వచ్చీ రాని ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు.

ఫిబ్రవరి రెండో వారంలో పరీక్ష జరిగింది. హ్యాచరీ గదిలో బల్ల, బల్ల మీద పెద్ద బల్బు, అటొక పెట్టె, ఇటొక పెట్టె. ట్రేలు అందించడానికి మేడం నన్నే పెట్టింది. రంజిత్ పిల్లను ఎడమ చేత్తో తీసేవాడు, చిన్నగా నొక్కి రెట్ట తీసేవాడు, బొటనవేలు ఒక్కసారి కదిలేది, పిల్ల అటో ఇటో పెట్టెలో పడేది. నోట్లో ఒకటి, రెండు అనుకునేంత సేపు కూడా పట్టలేదు ఒక్కోదానికి. నాకు అదే అనుమానం. ఇంత తొందరగా ఎవరికి కనిపిస్తుంది? ఊరికే ఒకటి అటు ఒకటి ఇటు వేస్తున్నాడేమోనని వరస గమనించాను. వరసేమీ దొరకలేదు. కొన్నిసార్లు ఏడెనిమిది వరుసగా ఒకే పెట్టెలో పడ్డాయి.

మధ్యాహ్నానికి పని అయిపోయింది. రంజిత్ నడుము పట్టుకుని లేచాడు. "అన్నం తినొచ్చి పెట్టల దిక్కు ఇంకోసారి చూస్త వదినా. రెండోసారి చూడనిది ఇయ్యొద్దని మా గురువు చెప్పిండు," అని చేతులు కడుక్కుని బయటికి పోయాడు.

గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. పుంజుల పెట్టెలోంచి పన్నెండు తీసి పెట్టల్లో వేశాను. పెట్టల్లోంచి పన్నెండు తీసి పుంజుల్లో వేశాను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, వెచ్చగా, మెత్తగా. చింతపండు మళ్లీ తూకం వేసినట్టే ఇదీ అని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా తెలిసినవాడైతే రెండోసారి చూసినప్పుడు పట్టుకుంటాడు, పట్టుకోకపోతే దొంగ అని తేలుతుంది. అయితే దానికి రెండు పిల్లలు చాలు. పది దాటితే మాట్లాడొద్దని మేడం అన్న మాట నా మనసులో ఉంది. నేను పన్నెండు వేశాను.

చేతులు తుడుచుకుంటుంటే మేడం వచ్చింది. షెడ్డులో వెచ్చదనం సరిపడా తయారైందట, ఇక్కడ పిల్లలకు చలి తగులుతుందట, వెంటనే తీసుకుపొమ్మంది. రంజిత్ ఇంకోసారి చూస్తానన్నాడని ఒక్క మాట అంటే పోయేది. నా నోటిదాకా వచ్చింది. పెట్టెలు ఎత్తుకుని షెడ్డుకు నడిచాను.

రంజిత్ తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. "మళ్ల చూస్తనంటి కదా వదినా?"

"మేడం తీస్కపొమ్మన్నది."

అతను బల్ల మీది బల్బు ఆర్పాడు. "సరే తియ్యి. నువ్వున్నవు కదా, అటుదిటు అయ్యేది లేదు," అన్నాడు.

రేపు చెబుదామనుకున్నాను. వారం తిరక్కముందే మేడం ఆ రెండు వందల పిల్లల కాళ్లకూ నీలం రింగులు వేయించింది. అప్పటికి చెప్పలేదు. ఆ షెడ్డులో మేత, నీళ్లు చూసేది నేనే కాబట్టి రోజూ వాటి తలలు చూసేదాన్ని. మార్చి గడిచింది. మార్కెట్ యార్డు ముందు పసుపు లారీలు తగ్గాయి, ఎండలు ముదిరాయి. రోజూ గేటు తీయగానే కరుణశ్రీ "ఎట్లున్నయక్కా మన పెట్టలు?" అని అడిగేది. బాగున్నాయనేదాన్ని. ఆరో వారంలో ఒకదాని తలమీద ఎరుపు కనబడింది. తర్వాత ఇంకోటి. చీకటి మూలల్లో మసలేవాటిని కూడా పట్టుకుని చూసి లెక్కపెట్టుకునేదాన్ని. పది దగ్గరే ఆగిపోతే బాగుండని ఒకరోజు, ఆగకపోతే బాగుండని ఇంకోరోజు. ఏ రోజు ఏది కోరుకుంటానో నాకే తెలిసేది కాదు.

ఏప్రిల్ రెండో వారంలో మేడం, రంజిత్, నేను షెడ్డులోకి పోయాం. ఎర్రజుట్టు వచ్చినవాటిని పట్టి గంప కింద పెట్టాం. పద్నాలుగు తేలాయి.

"నాలుగు ఎక్కువైనయి రంజిత్," అంది మేడం. "ఏమనుకోకు. కొత్త హ్యాచరీల గింత తప్పు నేను పడలేను."

రంజిత్ గంప ఎత్తి పద్నాలుగింటినీ ఒక్కోటీ చేతిలోకి తీసుకుని చూశాడు. ఒకదాన్ని రెండుసార్లు చూశాడు. "సరే మేడం," అని గంప మూసి, చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.

కరుణశ్రీ ఆ రోజు అన్నం ముట్టలేదు. రంజిత్ ఏజెంటుకు ఫోన్ చేశాడు. మళ్లీ ఒమనే, ఈసారి గోదాములో మూటలెత్తే పని. వీసా మూడు వారాల్లో వస్తుందన్నారు. పూజిత బడి మారదని తెలిసి నాకు ఊపిరి ఆడింది, అది దాచుకోను. అదే రోజు కరుణశ్రీ వాచిన కళ్లు చూసి నా మీద నాకే అసహ్యం వేసింది, అదీ నిజమే.

నెలాఖరులో మా అత్త కోడి పది పిల్లలను లేపింది. పొద్దున పది గంటలవుతుంది. నేను బట్టలు ఉతికి వాకిట్లోకి వచ్చేసరికి రంజిత్ గంప ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక పిల్లను తిప్పి ఎండకు పట్టి చూస్తున్నాడు. పక్కన పెట్టాడు. మళ్లీ తీశాడు. మళ్లీ చూశాడు. ఆ రోజు బల్ల దగ్గర ఒకటి, రెండు అనేలోపు తేల్చినవాడు ఒక్క పిల్లను పట్టుకుని ఎంతసేపు చూశాడో. తల్లికోడి అతని మోకాలు పొడుస్తున్నా తెలియడం లేదు. నన్ను చూసి పిల్లను కింద పెట్టేశాడు.

"ఇగ ఏం కనవడ్తలేదు వదినా," అన్నాడు. "ఇన్నేండ్లు నేను చూసినయన్ని కరెక్టేనా అనిపిస్తుంది. గా ముసలాయన మొహమాటానికి మంచిగ చేస్తున్నవు అన్నడేమో."

నేను బకెట్ కింద పెట్టాను. "గవి నేనేసినయి," అన్నాను.

"ఏవి?"

"పుంజులు. నువ్వు అన్నానికి పోయినప్పుడు మార్చిన. నువ్వు మళ్ల చూస్తవనుకున్న. మేడం వస్తే చెప్పలే."

అతను నా ముఖం చూడలేదు. కోడిపిల్లల వైపే చూస్తూ అడిగాడు. "ఎన్ని?"

"పన్నెండు."

"పుంజుల పెట్టెలకెల్లే తీసినవా?"

"అవు."

అతను వేళ్లు మడిచాడు. పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు. "అంటే నాయి రెండే," అన్నాడు చివరికి. "రెండు వందలల్ల రెండు. మా గురువుకు కూడ రెండు పోతుండె వదినా." ముఖం వెలిగిపోయింది. ఎందుకు చేశావని అడుగుతాడని నిలబడ్డాను. తిడతాడని నిలబడ్డాను. అతను గంపలోకి చెయ్యి పెట్టి పది పిల్లలనూ చకచకా చూసి, నాలుగు అటు, ఆరు ఇటు పెట్టి, తృప్తిగా చేతులు దులుపుకున్నాడు.

"మేడంకు చెప్త," అన్నాను.

"ఇప్పుడేం లాభం? గక్కడ సిద్దిపేటల పనికి ఆంధ్ర నుంచి మనుషులు దిగిండ్రట. నాకు టికెట్ కూడ వచ్చింది."

అయినా పోయాను. మేడం ఎదురుగా నిలబడి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆమె పెన్ను మూసి నన్ను ఎగాదిగా చూసింది. "రంజిత్ చెప్పమన్నడా గిట్ల?"

"లేదు మేడం. వద్దన్నడు."

"మూడేండ్ల సంది చూస్తున్న నిన్ను. పగిలిన గుడ్డు కూడ దాచని దానివి. నువ్వు గసొంటి పని జేస్తవంటే నేను నమ్మాల్నా?" అని నవ్వింది. "మరిది కోసం తప్పు నెత్తినేసుకుంటున్నవు. మంచిదానివే. పో, పని చూస్కో."

రాకేష్‌కు చెప్పాను. "ఇన్నాళ్లు ఊరి మీద అనుమానం, ఇప్పుడు నీ మీద నీకే వచ్చిందా?" అన్నాడు. మా అత్తకు చెప్పాను. ఆమె కోసు గుడ్ల సంగతి ఎత్తుకుంది, మిషన్లో పెట్టేటప్పుడు చూసి పెట్టి ఉంటే ఈ గోలే ఉండకపోవునట.

రంజిత్ వెళ్లిన మర్నాడు కరుణశ్రీకి చెప్పాను. బీడీలు చుడుతున్నదల్లా చాట దించి వచ్చి నన్ను కావలించుకుంది. "ఆయన చెప్పిండు అక్కా. నువ్వు గా మాట అన్నంకనే ఆయన కడుపునిండ తిన్నడు, నిద్రపోయిండు. ఆయన మనసు నిలవడాలని గంత అబద్ధం ఆడినవు. నా తోడబుట్టినోళ్లు కూడ ఆడరు."

"అబద్ధం కాదు కరుణా. నిజంగ నేనే చేసిన. పూజితను తీస్కపోతరని చేసిన."

ఆమె నా కళ్లు కొంగుతో తుడిచింది. "నువ్వు దాన్ని అట్ల పెంచవట్టే నేను బతికిన అక్కా. నువ్వు నాకెందుకు చెడు జేస్తవు?" అంది. వాడకట్టులో ఆమే అందరికీ చెప్పింది. ఇప్పుడు నల్లా దగ్గర నన్నే ముందు బిందె పెట్టనిస్తున్నారు.

నమ్మింది రంజిత్ ఒక్కడే. ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాడు. కరుణశ్రీతో, తల్లితో, పూజితతో మాట్లాడాక వదినకు ఇయ్యమంటాడు. మూటలెత్తి నడుము పోతోందని, ఉక్కపోత చంపుతోందని చెబుతాడు. చివరికి గొంతు తగ్గించి అడుగుతాడు.

"వదినా, పన్నెండే కదా?"

"పన్నెండే."

"పదకొండు కాదు కదా?"

"కాదు రంజిత్. ఒక్కోటి లెక్కపెట్టి ఏసిన."

"సరే," అంటాడు, హాయిగా. ఫోన్ పెట్టేస్తాడు.

మొన్న శుక్రవారం పూజిత నా ఒడిలో తల పెట్టుకుని వింటోంది. ఫోన్ పెట్టగానే లేచి కూర్చుని, "ఏంది పెద్దమ్మా పన్నెండు?" అని అడిగింది. ఏం లేదు బిడ్డా, పండుకో అన్నాను. అందరికీ చెప్పినదాన్ని, దానికి మాత్రం చెప్పలేకపోయాను. చెబితే అది నమ్ముతుంది.